మా వసారాలో గో లైవ్

"నేటి నుంచి ఈ తీరంలో అనుమతి లేకుండా ఒక్క కదలిక కూడా ఉండదు!" అని మత్స్య సాంకేతిక సమన్వయ శాఖ మంత్రి గంగాధరం గారు మా పాలెం ఇసుకలో నిలబడి ప్రకటించినారు. ప్రకటించి చెయ్యి దించేలోపలే ఒక అల వచ్చి ఆయన బూట్లు తడిపి పోయింది. అది ప్రకటనకి ముందే బయల్దేరిన అల అయి ఉంటాది. దానికి తెలీదు పాపం.

పేపర్లో ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. మంత్రిగారి మోచేతి కింద సగం మొహం కనపడతా ఉండే ముసలామె నేనే. పేరు ఎస్తేరమ్మ. మూడో తరగతి దాకా చదివినాను. మూడో తరగతి రెండుసార్లు చదివినాను కాబట్టి కొంచెం గట్టిగానే చదివినట్టు లెక్క. మా ఆయన బతికి ఉన్నప్పుడు చర్చిలో గంట కొట్టేవాడు. ఆయన పోయినాక నేను వసారాలో దోసెలు పోసుకుంటా ఉండేదాన్ని, గవర్నమెంటు వచ్చి నా పెనం పక్కకి జరిపేదాకా.

మంత్రిగారు ఆ రోజు ప్రారంభించింది కెరటం ప్లస్. అదేందో ఆయన వివరంగా చెప్పినారు, ఎవరికీ అర్థం కానంత వివరంగా. ఆయన పోయినాక రిలీజ్ కోఆర్డినేటర్ క్రాంతి కుమార్ గారు మాకు అర్థమయ్యేట్టు చెప్పినారు.

"ఇదివరకు పడవ సముద్రంలోకి పోవాలంటే మీరు ఆఫీసుకి పోయి అనుమతి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది కదా?"

"అవును సార్" అన్నాం అందరం.

"ఇక ఆఫీసుకి పోనక్కర్లేదు. ఎందుకంటే అక్కడ ఇవ్వరు. అంతా క్లౌడులో ఉంటుంది."

అందరం చప్పట్లు కొట్టినాం. నేను కొంచెం ఎక్కువ కొట్టినాను. అందుకే నన్ను గుర్తు పెట్టుకున్నారు.

మా పాలెంలో ఫోను సిగ్నలు వచ్చేది ఒక్క మా వసారాలోనే, అదీ తూర్పు పక్క స్తంభాన్ని ఆనుకుని కూర్చుంటేనే. తెల్లారేసరికి ఆ స్తంభం చుట్టూ బల్లలు, కుర్చీలు, లాప్‌టాప్‌లు, జనరేటరు, ఫ్యాన్లు, "వార్ రూమ్" అని రాసిన బ్యానరు. ఎనభై నాలుగులో వచ్చిన గాలివానకి కూడా అంత సామాను మా వసారాలోకి కొట్టుకురాలేదు. అప్పుడు ఒక ట్రంకు పెట్టె, రెండు కోళ్ళు, మా పాస్టరుగారి గొడుగు మాత్రమే వచ్చినాయి.

క్రాంతి కుమార్ గారు నన్ను పిలిచి అన్నారు: "అవ్వా, ఏ మార్పు చేసినా ఛేంజ్ బోర్డు ఒప్పుకోవాలి. అందులో ఒక మహిళ, ఒక వృద్ధులు, ఒక మైనారిటీ, ఒక స్థానికులు ఉండాలని జీవో. నలుగురిని పెడితే నాలుగు కుర్చీలు కావాలి. మీరు ఒక్కరే నాలుగింటికీ సరిపోతారు."

నా జన్మలో నేను నలుగురి పని చేసిన రోజులు చాలా ఉన్నాయి కానీ నలుగురి మర్యాద దక్కింది అదే మొదటిసారి. మెడలో నీలం తాడుకి నా ఫోటో కట్టి వేసినారు. నా పని ఏందంటే, టీమోళ్ళు వచ్చి "ఈ మార్పు చేస్తాం" అంటే "అప్రూవ్డ్" అనాల. అంతే. యాభై ఏళ్ళు చర్చిలో ముందు వరసలో కూర్చుని పాస్టరుగారు ఏం చెప్పినా ఆమేన్ అన్నదాన్ని. ఈ పనిలో నాకున్న అనుభవం జిల్లాలో ఇంకెవరికుంటాది?

ఆ సాయంత్రమే పక్కింటి చెంచయ్య వచ్చినాడు. పడవ నడపడంలో మంచి సరంగు. నీళ్ళ రంగు చూసి చేప పేరు చెప్తాడు గానీ మనిషి మొహం చూసి మాట్లాడటం రాదు. నేల చూసుకుంటా అన్నాడు:

"అవ్వా, జూన్ పదిహేనో తేదీ పొద్దున నా పడవ నీళ్ళల్లో ఉండాల."

వేట నిషేధం ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలు మా పాలెంలో పొయ్యిలో పిల్లి లేవదు. నిషేధం పోయిన మొదటి మూడు నాలుగు రోజులే మాకు పండగ. రొయ్యా, చందువా ఒడ్డుకి దగ్గరగా మేస్తా ఉంటాయి. ఆ తరవాత యాడెయాడనుంచో పెద్ద బోట్లు వచ్చి ఊడ్చేస్తాయి. ఆ నాలుగు రోజులు పోతే చెంచయ్య ఇంట్లో దీపావళి వానలు పడేదాకా గంజే.

"నేనుండాను కదరా" అన్నాను, మెడలో ఫోటో సర్దుకుంటా. "నువ్వు పో. నీది ప్రయారిటీలో పెడతా."

ప్రయారిటీ అంటే ఏందో నాకు తెలీదు. కానీ క్రాంతి కుమార్ గారు ఫోనులో ఎవరినైనా వదిలించుకోవాలంటే ఆ మాట వాడతా ఉంటే విన్నాను.

పని చేసే టీములు రెండు. వేటకి పోయేవాళ్ళ వివరాలు ఎక్కించే మనుషుల టీము, పడవల వివరాలు ఎక్కించే పడవల టీము. రెండూ ఎక్కితేనే అనుమతి. మనుషుల టీముకి కెజియా అనే పిల్ల పెద్ద. పడవల టీముకి శివశంకర్. ఇద్దరూ పట్నంలో ఒకే కంపెనీ, ఒకే అంతస్తు. మా వసారాలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు. ఒకరు చేసేది ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళు కాదు, మెయిలు పెట్టుకునేవాళ్ళు. సిగ్నలు ఆగినప్పుడల్లా స్నేహం ఆగిపోయేది.

"శివా, నిన్న నేను పెట్టిన వయసు కాలమ్ ఏమైంది?"

"పడవకి వయసెందుకు మేడం? అక్కడ పొడవు పెట్టాను."

"అది నా కాలమ్!"

"మీ పేరు రాసుందా?"

"రాసుండింది. ఆ పేరు కూడా నువ్వే తీసేశావు."

బోరింగు కాడ బిందెలకి కొట్టుకునే ఆడోళ్ళని వేలమందిని చూసినాను. వాళ్ళకైనా బిందె కంటికి కనపడతా ఉంటాది. వీళ్ళది దేనికోసమో నాకు కనపడలా. ఇద్దరూ నా వైపు తిరిగి "బోర్డు చెప్పాలి" అన్నారు. నేను ముందు కెజియాకి "అప్రూవ్డ్" అన్నాను. శివశంకర్ మొహం చిన్నబోయింది. పాపం అనిపించి అతనికీ "అప్రూవ్డ్" అన్నాను. ఇద్దరికీ దోసె పెట్టినాను. సమన్వయం అంటే ఇదే అని క్రాంతి కుమార్ గారు ఫోటో తీసి పైకి పంపినారు.

దాని ఫలితం ఏందంటే, పొద్దున చూస్తే స్క్రీన్‌లో చెంచయ్య ఉన్నాడు, పడవ లేదు. మధ్యాహ్నం చూస్తే పడవ ఉంది, చెంచయ్య లేడు.

చెంచయ్య పెళ్ళాం కామాక్షమ్మ తడక దాటుకుని వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "మేడం, నా మొగుడు లేకుండా పడవొకటే పోయి చేపలు తెస్తే నాకేం ఇబ్బంది లేదు. ఆ మధ్యాహ్నందే ఖాయం చేసెయ్యండి."

కెజియా నవ్వలేదు. "అమ్మా, మీరు టికెట్ రైజ్ చెయ్యాలి" అంది.

"యాడికి టికెట్? మేము పోవాల్సింది ఎదురుగా కనపడతానే ఉంది."

"కామాక్షమ్మా, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు, ఇది వార్ రూమ్" అన్నాను నేను.

ఆమె నన్ను కిందా మీదా చూసింది. "ఏమ్మే ఎస్తేరమ్మా, నిన్నటిదాకా నా కాడ ఉప్పు బదులు తీసుకున్నావ్, ఇయ్యాల ఇంగ్లీషులో వార్ అంటా ఉండావే" అని పోయింది. నేను పట్టించుకోలా. పదవిలో ఉన్నోళ్ళకి ఇట్టాంటివి మామూలే.

జూన్ వచ్చేసింది. గొడవ తెగలేదు. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. దేవుడు నాకు జ్ఞాపకం ఇచ్చినాడు గానీ దాన్ని యాడ ఆపాలో చెప్పలేదు.

మా పాలెం వెనకాల ఉండే సరస్సులో చేపలు పడే చోట్లు కొన్నే. పడవలేమో ఎక్కువ. అందుకని తాతల కాలం నుంచీ చీట్లేసి వంతులు పెట్టుకుంటారు. ఎవరి వంతు రోజు వాళ్ళు ఆ చోట్లో వల కడతారు. మిగతావాళ్ళు ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తారు. రక్తం కారే తగువులు ఈ చీట్లతో ఆగిపోయినాయి. అది చెప్పినాను. ఇంకో మాట ఒత్తి ఒత్తి చెప్పినాను: "నీ వంతు వచ్చినప్పుడు అవతలోడి వల ఆ చోట్లో ఉండగూడదు. మొత్తం తీసేసి నీది కట్టుకోవాల. అదే ధర్మం."

క్రాంతి కుమార్ గారు కుర్చీలోంచి లేచి నిలబడినారు. "అవ్వా! ఇది ప్రపంచంలో ఎక్కడా లేదు!"

ఎందుకు లేదో ఎవరూ ఆలోచించలా, నేనసలు ఆలోచించలా. మర్నాటికి తెర మీద రంగురంగుల బొమ్మలు. పైన "ఎస్తేరమ్మ ఫ్రేమ్‌వర్క్" అని నా పేరు. రాజధాని నుంచి వీడియోలో ఒక పెద్దాయన నన్ను చూసి నమస్కారం పెట్టినాడు. నేను చర్చికి కట్టుకుపోయే తెల్లచీర కట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు నుంచి చీట్లు నా కూర గిన్నెలో. కెజియా వంతు వచ్చిన రోజు శివశంకర్ చేసిందంతా తీసేసి తనది పెట్టేది. శివశంకర్ వంతు వచ్చిన రోజు కెజియా చేసిందంతా తీసేసి తనది పెట్టేవాడు. నేను ఒత్తి చెప్పిన ధర్మం ఒక్క అక్షరం తప్పకుండా పాటించినారు. తగువులు పూర్తిగా ఆగిపోయినాయి. పని కూడా.

చెంచయ్య మెట్టు మీద కూర్చుని రోజూ చూస్తా ఉండేవాడు. ఒకనాడు నోరు తెరిచినాడు. "అవ్వా, సరస్సులో వల తీసేసినా చేప నీళ్ళల్లోనే ఉంటాది గదా. వీళ్ళు నీళ్ళు కూడా తోడేస్తా ఉండారే?"

"నీకు ఆర్కిటెక్చర్ తెలీదు చెంచయ్యా" అన్నాను.

వాడు తల ఊపినాడు. మంచోడు. నాకు తెలుసుననుకున్నాడు.

గో లైవ్ ముందు, అంటే నిజంగా మొదలుపెట్టేముందు, పరీక్ష చెయ్యాలన్నారు. దానికి శాండ్‌బాక్స్ అని ఒకటి ఉంటాదంట. ఇసుకపెట్టె. అందులో ఏం రాసినా, ఏం చెరిపినా నిజం కాదంట, ఉత్త ఆటంట. పెళ్ళై వచ్చిన కాడ్నించీ ఇసుకలోనే కాపరం ఉండే నాకు ఈ మాట బో నచ్చింది.

కెజియాకి పరీక్షకి ఒక మనిషి కావాల. బయట ఎండ మండతా ఉంది. ఎదురుగా నేనున్నాను. నా వివరాలన్నీ అడిగి రాసుకుంది. శివశంకర్‌కి పరీక్షకి ఒక పడవ కావాల. పడవలు ఒడ్డున ఉన్నాయి. ఒడ్డు దాకా లాప్‌టాప్ మోసుకుపోతే సిగ్నలు రాదు, ఇసుక పడతాది, చెమట పడతాది.

"అవ్వా, ఉత్త టెస్టేగా, మిమ్మల్నే పడవ అనుకుంటా" అన్నాడు.

"అనుకో నాయనా" అన్నాను. పిల్లోడు ఎండకి పోకుండా ఉంటే చాలు.

కెజియా రాసుకున్న నా వివరాలే అతను కూడా తన గళ్ళల్లో దించుకున్నాడు. "అప్రూవ్డ్" అన్నాను. ఆట కదా.

పద్నాలుగో తేదీ సాయంత్రం గో లైవ్. మాకు కాస్త దూరంలోనే శ్రీహరికోట. రాకెట్ పైకి పోయేముందు అంకెలు వెనక్కి లెక్కపెడతారని క్రాంతి కుమార్ గారికి తెలుసు. "మనం మాత్రం నోరు మూసుకుని బటన్ నొక్కితే ఏం గౌరవం?" అని మైకు తెప్పించినారు. ముందు నేను ప్రార్థన చేసినాను. ఆ తరవాత శివశంకర్ కొబ్బరికాయ కొట్టినాడు. ఒకదాని మీదే ఆధారపడకూడదు, బ్యాకప్ ఉండాల అని క్రాంతి కుమార్ గారు వివరించినారు.

ఎవరు నొక్కాలో చీటీ తియ్యమన్నారు. కూర గిన్నెలో చెయ్యి పెట్టినాను. ఉక్కపోతకి రెండు చీట్లూ అతుక్కుని వచ్చినాయి.

"నా వంతు" అంది కెజియా.

"నా వంతు" అన్నాడు శివశంకర్.

పది, తొమ్మిది, ఎనిమిది అని పాలెం పాలెమంతా అరస్తా ఉంది. ఆపితే అరిష్టం. "ఒకటి" అనేసరికి ఇద్దరూ కలిసి నొక్కినారు. ఇద్దరి పనీ ఒకదాన్నొకటి తోసుకుని రెండూ లోపలికి పోలేకపోయినాయంట. గుమ్మంలో ఖాళీగా నిలబడి ఉండింది ఒక్క శాండ్‌బాక్సే. అది పోయింది. ఆటసామాను మొత్తం అసలు దాంట్లోకి పోయి కూర్చుంది.

టపాసులు కాల్చినారు. స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగినాయి. క్రాంతి కుమార్ గారు మైకులో చదివినారు:

"సముద్రయానానికి అనుమతి పొందిన నౌకలు... ఒకటి."

టపాసులు ఆగినాయి.

"నౌక పేరు: ఎస్తేరమ్మ. పొడవు: నాలుగడుగుల పది అంగుళాలు. తయారైన ఊరు: కొడవలూరు. ఇంజను..." అని ఆగి గొంతు సవరించుకున్నారు. "ఉన్నది. ఛాతీలో అమర్చబడినది. బ్యాటరీతో నడుచును."

రెండేళ్ళ కింద నెల్లూరు ఆసుపత్రిలో నా గుండెకి మిషను పెట్టినారు. కెజియా ఆరోగ్యం సంగతి అడిగితే దాచకుండా చెప్పినాను. అబద్ధం ఆడటం మాకు అలవాటు లేదు.

"అడుగుభాగం పరిస్థితి: మోకాళ్ళ నొప్పులు. చివరి మరమ్మతు: కంటి ఆపరేషను. మోయగల సంఖ్య: ఆరుగురు పిల్లలు. సముద్రానికి అర్హత... సంపూర్ణము."

జనం అంతా నా వైపు తిరిగినారు. ఏం చెయ్యాలో తెలియక నేను లేచి దండం పెట్టినాను.

"తీసెయ్యండి మేడం ఇప్పుడే! మా పడవలు పెట్టండి!" అని కుర్రోళ్ళు కేకలేసినారు. క్రాంతి కుమార్ గారు చెయ్యి పైకెత్తినారు. రేపు మంత్రిగారు వచ్చి జెండా ఊపుతారు. ఆయన ఊపి, సమీక్ష జరిగేదాకా ఫ్రీజ్. ఫ్రీజ్ అంటే ఏ టీమూ ఏ మార్పూ చెయ్యకూడదు. ఆయన ఊపినాక సమీక్ష. సమీక్ష అయినాక వచ్చే నెల కొత్త రిలీజు.

"వచ్చే నెలా?" అన్నాడు చెంచయ్య.

వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. అరిచేవాళ్ళకి జవాబు చెప్పడం నాకు ఈ రెండు నెలల్లో బాగా వచ్చేసింది. అరవకుండా కూర్చున్న మనిషికి ఏం చెప్పాలో ఆ తాడు మెడలో వేసినోళ్ళు నేర్పలేదు. తాడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ వేసుకున్నాను. దోసె తింటావా అని అడిగినాను. వద్దన్నాడు.

కామాక్షమ్మే క్రాంతి కుమార్ గారి ముందుకి పోయింది. "సార్, ఎస్తేరమ్మకి అనుమతి ఉంది గదా. ఆమె పోవచ్చా?"

"నిక్షేపంగా. హండ్రెడ్ పర్సెంట్ కంప్లయంట్."

"పోయేటప్పుడు వెంట పరికరాలు తీసుకుపోవచ్చా? వల, లంగరు, ఐసుపెట్టె?"

ఆయన స్క్రీన్ చూసినారు. "పరికరాలకి పరిమితి లేదు."

"అయితే మా పడవలన్నీ ఆమె పరికరాలే. మోకుతో కట్టేస్తాం. ఆమె ఎక్కి కూర్చుంటాది."

క్రాంతి కుమార్ గారు పైకప్పు చూస్తా లెక్కేసుకున్నారు. "ఇందులో మార్పు ఏమీ లేదు" అన్నారు నెమ్మదిగా. "మార్పు లేకపోతే ఫ్రీజ్‌కి అడ్డం లేదు. బోర్డు ఏమంటుంది?"

"బోర్డుకి సముద్రమంటే వాంతులు సార్" అన్నాను. "ఏసయ్య నీళ్ళ మీద నడిచినాడు గానీ, నేను మోకాటి లోతు బాడవ పొలంలో కూడా గట్టు పట్టుకుని నడిచేదాన్ని."

చెంచయ్య తలెత్తి నన్ను చూసినాడు. ఎప్పుడూ ఎవరి మొహమూ చూడనోడు.

"అప్రూవ్డ్" అన్నాను.

పదిహేనో తేదీ పొద్దున మా పాలెం ఒడ్డు చూసి తీరాల్సిందే. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి మోకుతో కట్టి, ముందు చెంచయ్య పడవ, దాని ముక్కున ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో నేను. మెరైన్ పోలీసు మాల్యాద్రి వచ్చి నా మెడలో ఫోటో కార్డుని అనుమతి చూసే మిషనుతో గీకినాడు. కీచుమంది. "నౌక బాగుంది" అన్నాడు, మొహంలో ఒక్క నరం కూడా కదలకుండా.

మంత్రిగారు వచ్చినారు. ఆయనకి వేరే పడవ. షామియానా, పూలు, సోఫా, నాలుగు స్పీకర్లు. ఇంజను చప్పుడులో ప్రసంగం వినపడదని ఇంజను తీసేయించినారు. పడవ తోసేముందు మాల్యాద్రి తన మిషనుతో గీకినాడు. మిషను మూలిగింది.

"సార్, ఈ పడవకి అనుమతి కనపడటంలా."

అక్కడున్న ఆఫీసర్లందరూ ఒకేసారి సముద్రం వైపు చూడటం మొదలుపెట్టినారు. క్రాంతి కుమార్ గారే తేరుకున్నారు. "సార్ గారి పడవని కూడా అవ్వకి కట్టండి. చివర్లో."

"చివర్లో ఎందుకయ్యా?" అన్నారు మంత్రిగారు.

"నాయకుడు వెనకుండి నడిపించాలి సార్."

"కరెక్ట్" అన్నారు.

ఆయన జెండా ఊపి సోఫాలో కూర్చున్నారు. చెంచయ్య ఇంజను తిప్పినాడు. మోకు బిగిసింది. మొత్తం పాలెం నా వెనకాల కదిలింది. నేను కళ్ళు మూసుకుని తెలిసిన కీర్తనలన్నీ పాడినాను, తెలియనివి రెండు కల్పించి పాడినాను.

అలలు దాటినాక నీళ్ళు నెమ్మదించినాయి. వెనక నుంచి స్పీకర్లలో మంత్రిగారి గొంతు వినపడతానే ఉంది. చెంచయ్య నీళ్ళు చూసినాడు. మళ్ళీ చూసినాడు. ఇంజను ఆపినాడు.

"అవ్వా, వల ఎప్పుడు వెయ్యాల?"

మోకు ఇప్పకుండా ఎవరూ వల వెయ్యలేరు. మోకు ఇప్పితే మార్పు. మార్పుకి ఫ్రీజ్. ఫోను తీసి చూసినాను. సిగ్నలు లేదు. మా వసారా స్తంభం చాలా దూరంలో ఉంది.

"ఫ్రీజులో ఉండాం చెంచయ్యా."

"రొయ్య కిందనే పోతా ఉంది అవ్వా. అది ఫ్రీజులో లేదు."

నాకు నీళ్ళల్లో ఏమీ కనపడలా. కళ్ళద్దాలు ఒడ్డునే పెట్టి వచ్చినాను. కానీ వాడి మొహం కనపడింది. రెండు నెలలుగా నేను కెజియాకి "అప్రూవ్డ్" చెప్పినాను, శివశంకర్‌కి చెప్పినాను, ఎవరేం అడిగినా చెప్పినాను. వాడికి చెప్పడానికి మాత్రం పక్కన ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూసినాను. ఎవరూ లేరు.

"అప్రూవ్డ్ రా నాయనా. ఇప్పెయ్."

ఒక పడవ వాడు ఇంకో పడవకి కేక వేసినాడు. మోకులు ఒక్కొక్కటే ఊడినాయి. పడవలన్నీ గువ్వల్లాగా అటూ ఇటూ చెదిరిపోయినాయి. వలలు గాల్లోకి లేచినాయి. ఆ అరుపులూ ఆ నవ్వులూ విని చాలా రోజులైంది. చివరి పడవలో మాత్రం ప్రసంగం నడస్తానే ఉంది. "ఈ వేగం చూడండి! ఈ దిశ చూడండి!" అంటా ఉన్నారు మంత్రిగారు. వేగం, దిశ రెండూ నీటివాలువే. షామియానా దక్షిణంగా పోతా పోతా చిన్నదైపోయింది.

ఎండ ముదిరేలోపల ఒడ్డుకి వచ్చేసినాం. చెంచయ్య పడవ మధ్యలో నిలబడటానికి చోటు లేదు, అంత పడింది. కామాక్షమ్మ గంప దించి చేపల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి అట్టానే ఉండిపోయింది. ఆమె ఏమీ అనకపోవడం పాలెంలో అందరూ గమనించినారు. మాల్యాద్రి నన్ను మళ్ళీ గీకినాడు. స్క్రీన్ మీద "బయలుదేరినవి ఒకటి, క్షేమంగా తిరిగి వచ్చినవి ఒకటి, వంద శాతం" అని వచ్చింది. రాజధాని నుంచి అభినందన కూడా వచ్చింది.

మంత్రిగారి పడవ పోయి నీళ్ళ మధ్యలో ఇసుక మేట మీద కూర్చుంది. ఒడ్డు మీద నుంచి కనపడతానే ఉంది. మధ్యలో కాలవ లోతు. ఆయన సోఫా మీదికెక్కి శాలువా ఊపుతా ఉన్నారు. ఒడ్డు మీద జనం కూడా చేతులు ఊపినారు. మాల్యాద్రి సెల్యూట్ కొట్టినాడు. ఆయన ఇంకా గట్టిగా ఊపినారు. జనం ఈలలు వేసినారు. స్పీకర్ల బ్యాటరీ అయిపోయింది కాబట్టి ఆయన ఏమంటా ఉన్నారో తెలీలా.

మొదట అర్థమైంది క్రాంతి కుమార్ గారికి. పై ఆఫీసుకి ఫోను కొట్టి, వెతికే బోటు పంపమన్నారు. వాళ్ళు స్క్రీన్ చూసి, పోయింది ఒకటి వచ్చింది ఒకటి, సముద్రంలో ఎవరూ లేరు, లేనివాళ్ళని ఎట్లా వెతుకుతాం అన్నారు. మెరైన్ పోలీసుల బోటు ఉంది గానీ దానికీ అనుమతి లేదు. చెంచయ్య తడి బట్టలతోనే లేచి, "నేను పోయి తీసుకొస్తా సార్" అన్నాడు. మాల్యాద్రి చెయ్యి అడ్డం పెట్టినాడు. "అవ్వ లేకుండా నువ్వు పరికరానివి చెంచయ్యా. పరికరం ఒంటరిగా పోగూడదు."

నేనప్పటికి ఇంటికి వచ్చేసినాను. కామాక్షమ్మ వంజరం పులుసు మామిడికాయ వేసి చేసి, ఇంత అన్నంతో తెచ్చి నా ముందు పెట్టింది. "తిను ఎస్తేరమ్మా, సముద్రం తిరిగొచ్చినావ్" అని విసనకర్రతో విసరతా కూర్చుంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి క్రాంతి కుమార్ గారు ఫోను చెవికి ఆనించుకుని వసారాలోకి పరిగెత్తుకుని వచ్చినారు.

"సార్, వెసెల్ అవైలబుల్‌గానే ఉంది సార్. ఆ, ఒడ్డునే ఉంది సార్. ఇంజను కూడా కండిషన్‌లో ఉంది. వెంటనే అంటే..." నా కంచం వైపు చూసినారు. కామాక్షమ్మ విసరడం ఆపకుండా ఇంకో గరిటె పులుసు పోసింది.

"లేదు సార్, రిపేరేం లేదు" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "తలకాయ ముక్క తింటా ఉంది సార్. ముళ్ళు ఎక్కువ. కాస్త టైం పడుతుంది."